రాగి గంగాళం

"దిగండి తాతా! టికెట్ కొంటే చూడనిస్తాం గానీ, తొక్కనిస్తామా?"

ఊళ్లో ఓ పాత ఇంట్లో పెట్టిన మ్యూజియం చూసుకునే డెస్పో అరిచింది.

ముసలాయన దిగలేదు. చెప్పులు విప్పి, ఇసుక పోసుకుని, రాగి గంగాళంలో నిలబడి గిరగిరా తిరుగుతూ పాదాలతో తోముతున్నాడు.

"ముందు గదిలో తవ్వకాల్లో దొరికిన కుండలున్నాయి. వాటి మొహం చూడకుండా తిన్నగా వంటింట్లో దూరారు!"

"కుండలకేం తొందరమ్మా, మూడు వేల ఏళ్లుగా ఉన్నాయి. పెళ్లి రేపే కదా?"

పెళ్లికూతురి నాయనమ్మ మారిక్కూ గంగాళం కోసమే వచ్చి నిలబడి ఉంది. గోధుమలు, మాంసం కలిపి వండే రెసి ఈ గంగాళంలో వండితేనే పెళ్లి అయినట్టని ఊరి నమ్మకం.

"రేపే. అయితే ఏంటి?" అంది.

"లోపల కళాయి పోయింది. ఇలాగే వండితే నాలుగు వందల మంది కడుపు పట్టుకుంటారు. పెళ్లికూతురితో సహా."

మారిక్కూ తొంగిచూసింది. అడుగున పచ్చగా చిలుం.

"ఇప్పుడెలా నాయనా?"

"ఇంత నిప్పు చాలు."

కారులోంచి తన కళాయి సామాను, తగరం, నవాసాగరం తెచ్చుకున్నాడు. పెరట్లో పాత పొయ్యి గుంట ఎక్కడుందో ఎవర్నీ అడగలేదు. పొగలో దగ్గుతూ, పాడుతూ, దూదితో తగరం రుద్దాడు. గంగాళం లోపలంతా పెరుగు తోడుకున్నట్టు తెల్లబడింది.

డెస్పోకి కోపం ఎటు పోయిందో, చప్పట్లు కొట్టేసింది.

"రేపు రావాలి. మొదటి పళ్లెం నీదే!" అంది మారిక్కూ.

"పొద్దుగూకేలోగా గేటు దాటాలమ్మా."

ముప్పై ఏళ్ల కిందటి యుద్ధంలో ద్వీపాన్ని రెండు చేసి, తురకలను ఇళ్లొదిలి అటు, మిగతావాళ్లను ఇటు పోయేలా చేసిన గీత మీద గేట్లు తెరిచి అప్పటికి నెలే అయింది.

"ఓహో, అటువైపు తురకాయనవా? మన మాట ఇంత బాగా ఎలా వచ్చింది?" అంది మారిక్కూ.

ఆయన నవ్వి చెప్పులు తొడుక్కున్నాడు.

పెళ్లిలో రెసి గింజ మిగల్లేదు. జనం గరిటెలు కూడా నాకారు. మారిక్కూ వయొలిన్ వాళ్లను లాక్కొచ్చి మరీ ఆడింది. ఒక పళ్లెం మాత్రం మూతపెట్టి దాచింది. ఆయన రాలేదు.

సోమవారం పెళ్లి మిఠాయి పంపిద్దామని, చిరునామా కోసం డెస్పో సందర్శకుల పుస్తకం తెరిచింది.

షెవ్కెత్ అన్న పేరు ఉంది. చిరునామా లేదు. అభిప్రాయం రాసేచోట వంకర టింకర అక్షరాలతో ఒకే మాట ఉంది:

"మా అమ్మ వంటిల్లు చక్కగా ఉంచారు, సంతోషం."