ఫోటోకి అడ్డొచ్చిన గొడుగు

“ఇంకొంచెం వెనక్కి జరగవే!” అంది అక్క ఫోన్ ఎత్తిపట్టి.

చెల్లెలు ఒక్క అడుగు వెనక్కి వేసిందో లేదో, ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడో ఒక పెద్దాయన, పరుగున వచ్చి ఆమె వెనకాల నిలబడ్డాడు. నిలబడి ఊరుకున్నాడా? చేతిలోని నల్ల గొడుగు టప్పున విప్పాడు.

వాన లేదు, ఎండా లేదు.

ఫోటో నిండా గొడుగే!

అక్కాచెల్లెళ్ళు సెలవు పెట్టుకుని మరీ వచ్చింది ఈ పాత కోటగోడ మీద నడవడానికే. ఊరంతా చుట్టి వచ్చే గోడ, పైన ఇద్దరు పక్కపక్కన నడిచేంత బాట. చెల్లెలికి ప్రతి రాయితోనూ పనే. ఈ కన్నం ఎందుకు, ఈ మెట్లు ఎటు, ఇక్కడ కాపలా కాసినవాడు అన్నం ఎక్కడ తినేవాడు? అక్క చెవులు చిల్లులు పడ్డాయి.

ఈ మలుపులో మాత్రం ఇద్దరూ ఆగిపోయారు. రెండు బురుజుల నడుమ పిట్టగోడంతా తీగ అల్లుకుపోయింది. దాని నిండా నీలంపూలు. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ దిగుతారు ఫోటో?

“బాబాయ్‌గారూ, కాస్త పక్కకి జరుగుతారా?” అంది చెల్లెలు.

“నేనిక్కడే ఉంటానమ్మా. మీరే ముందుకి రండి.”

“పూలు పడవు కదండీ!”

“పడతాయిలే. రామ్మా, ముందుకి రా.”

“ఈ గోడేమన్నా మీ తాతగారు కట్టించారా?” అక్క గొంతు లేచింది.

పెద్దాయన నవ్వాడే తప్ప జరగలేదు.

చెల్లెలికి కోపం కన్నా కుతూహలమే ఎక్కువ. చెయ్యి చాపడు. టోపీలు అమ్మడు. మాట కలపడు. మరి ఈయనకేం కావాలి? వాళ్ళ తర్వాత వచ్చిన జంటతోనూ అదే వరస. వాళ్ళు తిట్టుకుంటూ పోయారు. ఆయన గొడుగు ముడిచి, పక్కనున్న రాతి అరుగు మీద మళ్ళీ కూర్చున్నాడు.

“తిక్క మనిషి. పదవే,” అంది అక్క.

దిగాక గేటు దగ్గర కాపలాదారుకి గట్టిగానే చెప్పింది. ఉద్యోగంలో కొత్తేమో, అతను హుషారుగా పైకెళ్ళి పెద్దాయన్ని కిందికి దించాడు. గొడుగు లాక్కున్నాడు.

“మళ్ళీ ఈ గేటు దాటావంటే చూడు!”

పెద్దాయన వెనక్కి తిరిగి గోడవైపే చూసుకుంటూ వెళ్ళిపోయాడు. చెల్లెలికి మనసు చివుక్కుమంది.

సాయంత్రం గదిలో ఆ ఫోటోని పెద్దది చేసి చూస్తూ కెవ్వుమంది.

“అక్కా, గొడుగు కింద చూడు!”

తీగ సందుల్లోంచి రాయి కనబడాలి. ఆకాశం కనబడుతోంది.

అక్కడ పిట్టగోడే లేదు. ఎప్పుడో కూలిపోయింది. అటూ ఇటూ మిగిలిన రాళ్ళ మీది నుంచి తీగ పాకి, ఆ ఖాళీని అందంగా కప్పేసింది. చెల్లెలి మడమకీ ఆ ఖాళీకీ మధ్య ఉన్నవి ఆయన చెప్పులే.

అక్క మొహంలో నెత్తురుచుక్క లేదు.

తెల్లారగానే గేటుకి పరుగెత్తారు. కాపలాదారు ఫోటో చూసి నోరు వెళ్ళబెట్టాడు. పైవాళ్ళకి కబురు పెడతానన్నాడు. గొడుగు తిరిగిచ్చి, ఎవరినో అడిగి పెద్దాయన ఇల్లుండే వీధి చూపించాడు.

అక్క అటు పరుగెత్తింది. చెల్లెలు గోడెక్కి, ఆ మలుపులో గొడుగు విప్పి నిలబడింది.

“మేడమ్, కాస్త జరుగుతారా? ఫోటోకి అడ్డం,” అన్నాడు కొత్త పెళ్ళికొడుకులా ముస్తాబైన ఒకాయన.

“నేనిక్కడే ఉంటానండీ. మీరే ముందుకి రండి.”

తన నోట ఆ మాట విని తనే ఉలిక్కిపడింది.

ఇంతలో అక్క వగర్చుకుంటూ వచ్చింది.

“ఉన్నారా?”

“తాళం. పొద్దుటి బస్సుకే ఊరొదిలి వెళ్ళిపోయారట. ఇంక ఇక్కడ నాకేం పనుందని పక్కింటావిడతో అన్నారట.”

“గోడ లేదని మనకొక్క మాట చెప్పొచ్చు కదక్కా!”

“చెప్తే జనం తొంగిచూస్తారట. అందుకని ఎవరికీ చెప్పరట. అప్పట్లో అడ్డంగా తాడు కట్టారట. అది తెగిపోయినా ఎవరికీ పట్టలేదట, ఆయనకి తప్ప.”

“అసలెవరక్కా ఆయన? ఇదివరకటి కాపలాదారా?”

అక్క వచ్చి గొడుగు కింద నిలబడింది.

“కాదే. ఆయన కూతురు ఇక్కణ్నుంచే పడిపోయిందట, ఫోటో దిగుతూ. కెమెరా పట్టుకుని ‘ఇంకొంచెం వెనక్కి’ అన్నది ఆయనేనట.”