రత్నం సందుగ

కళావతి మైకు ముందు నిలబడి పల్లవి అందుకుందో లేదో, తెర చాటు నుంచి ఆ రెండు కళ్లు మళ్లీ ఆమె మీద వాలాయి.

అవి మరియమ్మ కళ్లు. బేస్ గిటారు వాయించే రత్నం భార్య. భర్త ప్రోగ్రాం ఎక్కడుంటే అక్కడ ఆమె ప్రత్యక్షం. స్టేజీ వారన చాప పరుచుకుని, రత్నం సందుగకు వీపు ఆనించి కూర్చుంటుంది. పాట అయ్యేదాకా కదలదు. కళావతి నోటి వంకే చూస్తుంది.

సందుగంటే బట్టలు దాచుకునేది కాదు. ఆంప్లిఫయరూ స్పీకరూ ఒకే చెక్కపెట్టెలో ఇమిడిన పాతకాలపు వాల్వుల డబ్బా. మోకాలెత్తు కూడా ఉండదు. రత్నం కాజీపేట లోకోషెడ్డులో డ్యూటీ దిగి, డబ్బానూ భార్యనూ రిక్షా ఎక్కించి, తాను సైకిలు మీద వెనకాలే వచ్చేవాడు. ఆ ఊరేగింపు చూసి ఆర్కెస్ట్రా వాళ్లు నవ్వని రోజు లేదు.

"వాల్వులు వేడెక్కుతయి. కనిపెట్టుకొని ఒక మనిషి ఉండాలె" అనేవాడు రత్నం.

"డబ్బకు కావలి కాదు, మొగనికి కావలి" అనేవాడు డోలక్ యాకయ్య, కళావతికి వినిపించేట్టుగానే. "ఎన్నడో ఆమె దవాఖానల చాన్నాళ్లు పడుండెనట. అప్పటి సంది ఆయనను ఇడిసిపెడితే ఒట్టు. మరి పక్కన ఆడమనిషి పాడుతాంది గద!"

ఎనభై రెండు నాటి మాట. పెళ్లిళ్లలో స్టేజీ ఎక్కి పాడే ఆడపిల్ల గురించి నోళ్లు ఊరుకునే కాలం కాదు. సుబేదారిలో ఓ ఆఫీసులో టైపిస్టుగా చేస్తూ, సాయంత్రాలు పాడుకునే కళావతికి లోకంలో ఉన్న సంతోషం ఆ పాట ఒక్కటే. దానికీ ఎసరొచ్చింది. మాట ఇంటిదాకా పోయింది.

"ఇంకొక్క మాట నా చెవుల పడ్డదో, నీ పాట బందు" అన్నాడు అన్న. అన్నంత పనీ చేసే మనిషి.

కళావతికి ఏడుపొచ్చింది. తప్పేమిటి? రత్నాన్ని నోరారా అన్నా అని పిలుస్తుంది. మరియమ్మనూ మంచి చేసుకోబోయింది. ఓసారి ఆమె వెనక నిలబడి "బాగున్నవా వదినా?" అంది. ఆమె తల కూడా తిప్పలేదు. మరోసారి "పాటెట్లున్నది?" అంటే చిన్నగా నవ్వి ముఖం తిప్పుకుంది. ఒకప్పుడు చర్చిలో ఆమె పాడితే జనం కళ్లు తుడుచుకునేవారట. ఆ కుళ్లు కూడా ఉందన్నమాట అనుకుంది కళావతి.

సరిగ్గా అప్పుడే ఆర్కెస్ట్రా పెద్ద సుందర్ రావు సికింద్రాబాదు నుంచి కొత్త సెట్టు తెచ్చాడు. అన్ని వాయిద్యాలూ వైర్ల మీద ఒక్క మిషన్లోకి పోతాయి. అందులోంచి బయట వెదురు మంచెల మీద నిలబెట్టిన పెద్ద పెద్ద స్పీకర్లలోకి. స్టేజీ మీద డబ్బాలతో పని లేదు.

"జర నా డబ్బ గూడ ఉండనీ అన్నా" అన్నాడు రత్నం. "మూలకు పెట్టుకుంట. సౌండు చిన్నగనే పెడుత."

సుందర్ రావు మెత్తబడేలా ఉన్నాడు. కళావతి ముందుకొచ్చింది. డబ్బా ఉంటే కావలి ఉంటుంది. కావలి ఉంటే యాకయ్య నోరు ఉంటుంది.

"ఆ సందుగ ఉంటే నేను రాను" అంది గట్టిగా. "ఏదో ఒకటి తేల్చుకోండ్రి."

అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. రత్నం ఏదో చెప్పబోయాడు. చాప చుట్టుకుంటున్న భార్య వైపు చూశాడు. ఆగిపోయాడు.

"సరే చెల్లె. నీ ఇష్టం" అన్నాడు.

క్రిస్మస్ ముందు కాజీపేట రైల్వే కాలనీలో ప్రోగ్రాం. రిక్షా లేదు, సందుగ లేదు. మరియమ్మ జనంలో ముందు వరస కుర్చీలో కూర్చుంది. కొత్త స్పీకర్లు కాలనీ అంతా మోగిపోతున్నాయి. తెర చాటున ఎవరూ లేరన్న ధైర్యంతో కళావతి గొంతు విప్పింది. అంత బాగా ఆమె ఎన్నడూ పాడలేదు. జనం ఈలలు వేశారు.

మరియమ్మ మాత్రం అటూ ఇటూ చూస్తోంది. పాట మధ్యలో లేచి స్టేజీ దగ్గరికొచ్చింది. దాని సిమెంటు గట్టు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. వెనకవాళ్లు "కూసో అమ్మా, కనబడుతలేదు" అని కేకలేశారు. ఆమె వినిపించుకోలేదు. ఓ పెద్దాయన వచ్చి భుజం తట్టాక చెయ్యి తీసి, జనంలోంచి దారి చేసుకుంటూ వెళ్లిపోయింది.

గెలిచాననుకుంది కళావతి. అనుకున్నంత సంతోషం మాత్రం రాలేదు.

ప్రోగ్రాం అయ్యాక రత్నం ఒక్కడే వైర్లు చుట్టుకుంటున్నాడు. ఏమన్నా అనుకుంటాడేమోనని తానే పలకరించింది.

"మడికొండ పెండ్లికి వదినను గూడ తోల్కరా అన్నా. ముందల కుర్చీ ఏపిస్త. నాకేం కోపం లేదు."

రత్నం తలెత్తలేదు. "రాదు చెల్లె. నీ పాటంటే పానం ఆమెకు. గని ఇంక రాదు."

"ఎందుకు రాదు?"

"ఎవ్వలకు చెప్పద్దని నాతోని ఒట్టేపిచ్చుకున్నది" అన్నాడు. చేతిలోని వైరు కింద పెట్టాడు.

"టీబీ సూదులకు చెవులు రెండూ పోయినంక, నీ నోరు చూసుకుంట ఆ సందుగ అదురుకు ఈపు ఆనిచ్చుకుంటెనే గద చెల్లె, ఆమెకు పాట అందేది."