తలా ఒక రెమ్మ

వేపచెట్టు కింద బడి నడిపే మైనా టీచరుకు పొద్దుటినుంచీ కాలు నిలవడం లేదు. మధ్యాహ్నం కొంగ ఇన్‌స్పెక్టరుగారు వస్తారు. పచ్చదనం గురించి పాఠం చెప్పాలి, తరగతి కూడా పచ్చగా కనిపించాలి.

"తలా ఒక రెమ్మ తెండి," అంది.

పిల్లలు చెట్టెక్కి విరిచి తెచ్చి, చుట్టూ గుచ్చారు. చూస్తుండగానే రెమ్మలు వాడిపోయాయి. టీచరుకు కంగారు ఎక్కువైంది. మళ్లీ తెమ్మంది. అవీ వాడిపోతే మళ్లీ పంపింది.

ఈసారి ఉడుతపిల్ల ఒట్టి చేతులతో దిగింది.

"నీ రెమ్మ ఏదే? ఇన్‌స్పెక్టరుగారు వచ్చాక తెస్తావా?"

"మా గూడున్న కొమ్మొక్కటే మిగిలింది టీచర్. అది కూడా విరిచెయ్యనా?"

మైనా అప్పుడు తలెత్తి చూసింది. ఎండ సూటిగా కళ్లలో పడింది.