సగం జడ

తలుపు మూసుకుని శ్రీధర్ భార్య చాందికి జడ వేస్తున్నాడు. ఆమె జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది.

తండాలోకి బైకులొచ్చి వాకిట్లో ఆగాయి. పెళ్లాన్ని అదుపులో పెట్టినవాడే మగాడని శ్రీధర్ తన పాడ్‌కాస్టులో చెబుతుంటే వినే కుర్రాళ్లు. టేకులపల్లి నుంచి అతనితో సెల్ఫీ కోసం వచ్చారు.

"నన్ను తిట్టు, లేకుంటే నమ్మరు" అంది చాంది, ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకునే లంబాడీలో, మెల్లగా. "తెలుగుల తిట్టు. వాళ్లకు సమజ్ కావాలె."

శ్రీధర్ తలుపు తీసి గడపలో నిలబడ్డాడు. మాటల కోసం వెతుక్కోలేదు.

"నీళ్లు తెమ్మంటే గింత సేపా? చెయ్యి విరిగితే కాళ్లకేమైంది?"

"అన్న ఇంట్ల గూడ గిట్లనే ఉన్నడురా" అన్నాడొక కుర్రాడు, తృప్తిగా.

సెల్ఫీ దిగి వాళ్లు వెళ్లాక శ్రీధర్ తలుపేశాడు.

"ఇటు తిరుగు" అన్నాడు, ఇంకా తెలుగులోనే. ఆమె జుట్టులో గుచ్చి వదిలిన దువ్వెన కోసం చెయ్యెత్తాడు.

చాంది కట్టున్న చేతిని తలకు అడ్డం పెట్టుకుంది.