సగం మందైనా చాలు

రెండో తరగతి మార్లీ ట్రేలో మూడు వస్తువులున్నాయి. కీమా, బన్ను, పాలు.

వంటామె ఆర్డిస్ ఆ ట్రే వైపు చూసింది. తర్వాత కిటికీ పక్కన నిలబడ్డ ప్రూయిట్ వైపు చూసింది. ఆయన బడి భోజనాల తనిఖీకి వచ్చిన మనిషి. రాష్ట్ర రాజధాని హెలెనా నుంచి మంచులో మూడున్నర గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు. చేతిలో అట్ట, అట్టకు కాగితాలు.

"క్యారెట్టో, డబ్బా పియర్ పండు ముక్కలో, ఏదో ఒకటి వేసుకో అమ్మాయ్" అంది ఆర్డిస్.

"మూడు తీసుకోమన్నావు. మూడు తీసుకున్నాగా."

"మూడింట్లో ఒకటి పండో కూరగాయో అయ్యుండాలి. గోడ మీద రాసుంది చూడు."

"నీకిష్టమైనవి నువ్వే ఎంచుకో అని కూడా రాసుంది."

రాసింది ఆర్డిసే. పెద్దక్షరాలతో.

పద్ధతి అది. వంటామె అయిదు రకాలు పెట్టాలి. పిల్లలు మూడన్నా తీసుకోవాలి. అందులో పండో కూరగాయో అరకప్పు ఉండాలి. లేకపోతే ఆ ట్రే భోజనం కింద లెక్క కాదు. వంటామె చెప్పవచ్చు, బతిమాలవచ్చు. తన చేత్తో వెయ్యకూడదు.

జనవరిలో కౌంటీ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. తనిఖీ రోజున బడి పిల్లల్లో సగం మందైనా లెక్కకొచ్చే భోజనం తీసుకోకపోతే వంటగది మూసేస్తామని. ఆర్డిస్ ఆ పొయ్యి దగ్గర ఇరవై రెండేళ్ళుగా ఉంది. మొగుడు పోయాక ఆమె వండేది ఇక్కడే. ఇంట్లో అయితే నిలబడి డబ్బాలోంచే తినేస్తుంది.

సగం మంది దగ్గరే ఆమె భయం. పోయిన వారం బీట్‌రూట్ పెడితే బడి బడంతా ఒక్కమాట మీద నిలబడింది. మర్నాడు బడంతా ఇంటి తిండి తెచ్చుకుంది. ఆర్డిస్ దిగొచ్చి ఓటింగు పెట్టింది. పియర్ ముక్కలు ఏకగ్రీవంగా నెగ్గాయి.

"ఓటు వేసేప్పుడు పియర్ అన్నావు కదే?"

"అది సోమవారం."

"ఇవాళ బుధవారం. రెండు రోజులకే మాట మారిపోయిందా?"

"అవి జారుతున్నాయి మామ్మా. నమలడానికి ఏం లేదు."

"మరి క్యారెట్?"

"నిన్న క్యారెట్. మొన్న క్యారెట్. నన్ను కుందేలనుకున్నావా?"

"కుందేలైతే ఇంత నోరుండదు. వెళ్ళి వరుస చివర నిలబడు. ఆలోచించుకుని రా."

మార్లీ ట్రే పట్టుకుని వరుస చివరకు వెళ్ళింది. ఆర్డిస్ గరిటె తుడిచి, పాల పెట్టె సర్ది తలెత్తేసరికి మళ్ళీ ఎదురుగా ఉంది. కీమా, బన్ను, పాలు.

"మీ దగ్గర తోపులాట లేదండీ" అన్నాడు ప్రూయిట్. "చాలా బళ్ళు చూశాను. ఇంత నెమ్మదైన వరుస ఎక్కడా చూడలేదు."

"నా దగ్గర తోపులాటలు సాగవండీ."

పన్నెండూ ఇరవై అయింది. పన్నెండున్నరకు వడ్డన ఆపెయ్యాలి. ఆర్డిస్ పొయ్యి పక్కనున్న తన గిన్నెలోంచి ఒక ముక్క తీసి, ఉప్పులో అద్ది, కరకరా నమిలింది. కంగారు పుట్టినప్పుడు ఆమెకు అది అలవాటు.

"నువ్వేం తింటున్నావు?" అంది మార్లీ.

"టర్నిప్. పచ్చిది. నీకు పనికిరాదు."

"అది కావాలి."

"నోరు మండుతుంది, ముల్లంగి లాగా. ఊళ్ళో దీన్ని గొడ్లకు వేస్తారు."

"మరి నువ్వు గొడ్డువా?"

"ముసలి గొడ్డునే. కానీ నీకిది కుదరదు. ఇవాళ్టి జాబితాలో లేదు."

మార్లీ కదల్లేదు. ప్రూయిట్ కిటికీ దగ్గర్నుంచి వచ్చి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి పేజీలు తిప్పాడు.

"టర్నిప్... ఉంది. కూరగాయే. జాబితాలో చేర్చుకోవచ్చు" అన్నాడు. "కానీ ఒక్కరి కోసం తీసిపెట్టడం కుదరదండీ. పిల్లలందరికీ చాలినంత ఉంటేనే బల్ల మీద పెట్టాలి. తలా అరకప్పు."

ఆర్డిస్ గిన్నెలోకి చూసింది. సగం దుంప మిగిలింది.

"అందరికీ వస్తుందండీ" అంది.

"తలా అరకప్పు?"

"కొలిచి చూపించమంటారా?"

ప్రూయిట్ దుంప వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు.

"కొలవండి."

ఆమె చెక్కు తీసి, ముక్కలు కోసి, కప్పులో వేసి, పైన వేలితో సమానం చేసి చూపించింది. తెచ్చి క్యారెట్ల పక్కన పెట్టింది. చేతులు వెనక్కి కట్టుకుని రెండడుగులు వెనక్కి జరిగింది.

మార్లీ పట్టకారు తీసుకుంది. ఒక్కొక్క ముక్కే తీసి, ఒక్కటీ వదలకుండా ట్రేలో పేర్చుకుంది. ఒకటి నోట్లో వేసుకుంది. మొహం ముడుచుకుపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తినక్కర్లేదు పాపా. తీసుకుంటే చాలు" అన్నాడు ప్రూయిట్.

"తింటా. నేనే ఎంచుకున్నా" అంది మార్లీ, వెళ్ళి బల్ల దగ్గర కూర్చుంది.

ఆర్డిస్ ఏప్రాన్‌కు చేతులు తుడుచుకుంది. తుడిచినవే మళ్ళీ తుడుచుకుంది.

"ఇప్పటికి సగం మందైనా అయినట్టేనా అండీ?"

ప్రూయిట్ కలం తీసి, 'లెక్కకొచ్చిన భోజనాలు' అన్న గడిలో ఒకటి వేసి, దాని పక్కన 'బడిలో మొత్తం పిల్లలు' అన్న గడిలోనూ ఒకటే వేశాడు.