నడుము లోతు

“మోకాళ్ల దాకా వచ్చినావు గదా అబ్బయా, ఇంకొక్క అడుగెయ్,” అన్నాడు వెంగయ్య.

“కాలికింద నేల తగలడంలా మామా!”

“కళ్లు తెరిచి చూడు. నేల మీదనే నిలబడుండావు.”

శాంతికుమార్ కళ్లు తెరిచాడు. ఆత్మకూరు చెరువులో, గేదెల్ని కడిగే రేవులో, మోకాలి లోతు నీళ్లలో ఉన్నాడు. పక్కనే రెండు గేదెలు మెడ దాకా మునిగి హాయిగా నెమరేస్తున్నాయి. వాటిని చూసైనా అతనికి ధైర్యం రాలేదు. గబగబా గట్టెక్కేశాడు. గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డ రూబీ, మొగుడి అవస్థకు నవ్వు ఆపుకోలేక ఆ తువ్వాలే నోటికి అడ్డం పెట్టుకుంది.

అతన్ని తప్పుపట్టడానికీ లేదు. వరికుంటపాడు దగ్గర మెట్ట పల్లెలో పుట్టాడు. బిందెడు నీళ్లకు రెండు మైళ్లు నడిచి, రెండు చెంబులతో స్నానం అయిందనిపించి పెరిగాడు. ఉదయగిరికి వచ్చి నాలుగు నెలలైంది. తేలు కనబడితే చెప్పుతో కొడతాడు. దుర్గం కొండ ఒంటరిగా ఎక్కి దిగుతాడు. మోకాలు దాటిన నీళ్లంటే మాత్రం పసిపిల్లాడే.

ఎప్పట్లా చర్చి వెనక సిమెంటు తొట్టిలో అయితే ఈ తిప్పలే లేవు. కానీ ఆ తొంభై నాలుగు వేసవిలో తాగడానికే నీళ్లకు కటకట, తొట్టి నింపేదెవరు? బాప్తిస్మం ఈ ఆదివారం సోమశిల డ్యాం నీళ్లలోనే అని సంఘపెద్దలు తేల్చేశారు. రెండు లారీల జనం వస్తారు. వాళ్లందరి ముందు కాళ్లు వణికితే ఇక ఆ ఊళ్లో తలెత్తుకోవడం కష్టం. ఈ సంగతి అతను భార్యకూ మామకూ తప్ప ఎవరికీ చెప్పుకోలేదు.

మామ అప్పట్నుంచి పనులన్నీ మానుకుని అల్లుణ్ణి బస్సుల్లో నీళ్లున్న ఊరల్లా తిప్పుతున్నాడు.

బుధవారం సంగం. పెన్న ఇసకలో నెల్లూరి సంసారాలు విస్తర్లు పరిచి పులిహోర తింటున్నాయి. శాంతికుమార్ తొడల దాకా దిగి కొయ్యబారిపోయాడు. ఒక ముసలమ్మ చీర ఎగదోపుకుని, అతన్ని దాటుకుంటూ అవతలి ఒడ్డుకు నడిచిపోయింది.

“చూసినావా? ఆమెకు డెబ్బై ఉంటాయి,” అన్నాడు వెంగయ్య.

“ఆమె ఈ ఊరిది మామా.”

“అయితే నీళ్లకు ఊరు తెలస్తాదా?”

శుక్రవారం సోమశిల. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న సిద్ధయ్య అనే జాలరిని వెంగయ్య మంచి చోటు చూపించమన్నాడు.

“ఇక్కడ దిగండి. ఇది మా శెనక్కాయల చేను,” అన్నాడు సిద్ధయ్య నీళ్లకేసి చెయ్యి చాపి. “ఊరు మునగకముందు నేను దున్నిన నేలే. చదునుగా ఉండాది, ఎక్కడా గుంట లేదు. ఇంతకీ ఎవరికి బాప్తిస్మం?”

“మా ఇంట్లోనేలే,” అన్నాడు వెంగయ్య.

ఇద్దరూ దిగారు. నడుము దగ్గరికి రాగానే శాంతికుమార్ మామ మెడ వాటేసుకున్నాడు. ఇద్దరూ కలిసి బుడుంగున మునిగి, దగ్గుతూ పైకి లేచారు.

“భయపడితే పక్కోణ్ణి గూడా తీసకపోతావు గదా అబ్బయా!”

ఒడ్డుకు వచ్చి శాంతికుమార్ తల వంచుకుని కూర్చున్నాడు. “ఈసారికి వద్దులే మామా. వానలు పడి తొట్టి నిండినాక చూద్దాం.”

వెంగయ్య మొహంలో నవ్వు పోయింది. తడిసిన తలపాగా విప్పి పిండుకున్నాడు.

“ఇన్నాళ్లూ వాయిదా పడతానే వచ్చింది. మళ్లీ ఏటికి నేనుంటానో లేదో. మీ అత్త శీనమ్మ పోతా పోతా నన్ను నగ అడగలా, నట్ర అడగలా. ఇదొక్కటే అడిగింది. సరేనని చేతిలో చెయ్యేసినాను.”

శాంతికుమార్‌కు అత్తంటే ప్రాణం. ఆమె చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చున్నది అతనే. కళ్లు తుడుచుకుని లేచాడు. మామ పిలవకముందే నీళ్లలోకి నడిచాడు. మోకాళ్లు దాటాడు, తొడలు దాటాడు. నడుము దగ్గర ఆగి వణికాడు గానీ వెనక్కి తిరగలేదు. వెంగయ్య పక్కనే నిలబడి వంద లెక్కపెట్టాడు. సాయంత్రం బస్సు వేళకు ఆ లెక్క అయిదు వందలైంది.

“ఏమే, మీ ఆయన చేపైపోయినాడు!” అని ఇల్లు చేరగానే కూతురికి కేకేశాడు.

ఆదివారం పొద్దున లారీలు వచ్చాయి. ఒడ్డున జనం పాట ఎత్తుకున్నారు. వంతు కోసం ఆరుగురు వెనక నిలబడి ఉన్నారు. మొదట తెల్లబట్టల్లో మామాఅల్లుళ్లిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని దిగారు. సిద్ధయ్య కూడా వల పక్కన పెట్టి చూస్తున్నాడు. రూబీ ఒడ్డు నుంచి ఒక్కో అడుగూ లెక్కపెట్టింది.

నడుము లోతులో ఆగారు. పాట ఆగింది.

“వణుకతా ఉండావా?” వెంగయ్య గొంతు తగ్గించి అడిగాడు.

“లేదు మామా.”

“నిజంగా?”

“నిజంగా. అత్త చూస్తా ఉన్నట్టుండాది.”

వెంగయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అల్లుడి చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వదిలాడు.

“అయితే నన్ను ముంచండి, పాస్టరుగారూ.”