కొత్త పుస్తకంలో నంబరు

“మా ఆవిడ ఇంట్లో ఖాళీగానే ఉంటుందండీ,” అన్నాడు హుమాయూన్, ఆదాయాల సర్వేకి వచ్చిన రాజేశ్వరితో.

చీరకి ఫాల్ కుడుతున్న జమాల్ బీ చెయ్యి ఆగింది. “పోయినసారీ ఇదే చెప్పారమ్మా. వచ్చినాయన అలాగే రాసుకుపోయాడు.”

“మా సర్వేలో ఒక్కో పనికీ ఒక నంబరుంటుంది, పాత పుస్తకంలో ఈ కుట్టుపనికి లేదండీ,” అంది రాజేశ్వరి. “ కొత్తదాంట్లో ఇచ్చారు. షాపు నుంచి చీరలెవరు తెస్తారు?”

“ఈయనే. సైకిలు మీద తెచ్చి, కుట్టాక ఇచ్చొస్తారు.”

“మీకు వేరే పనుందాండీ?”

హుమాయూన్ మీసం సవరించుకున్నాడు. “రేడియోలు బాగుచేసేవాణ్ణి. ఇప్పుడెవరూ తేవట్లేదు.”

“అయితే మీరు ఈవిడ దగ్గర సహాయకులు.”

“చెప్పిన మాట వింటారని కూడా రాయమ్మా,” అంది జమాల్ బీ, నవ్వు కొంగులో దాచుకుంటూ.

హుమాయూన్ పెన్ను తీసి సంతకానికి చెయ్యి చాచాడు.

“యజమాని సంతకం కావాలండీ.”

అతను పెన్ను మూత తీసి, జమాల్ బీ చేతికిచ్చాడు.